ఏ శెట్లు మీరు?

మా అన్నకు ఒక పిచ్చి ఉంది. కొత్తవాళ్ళు ఎవరు దొరికినా సరే, మా వంశం ఎక్కడ బయల్దేరి ఎక్కడెక్కడ ఆగి ఈ నేలకు చేరిందో చెప్పకుండా వదలడు. గుత్తి నుంచి పెనుకొండ, పెనుకొండ నుంచి హిందూపురం పక్కన ఏదో పల్లె, ఆ తర్వాత గుడిబండ, బాగేపల్లి, చివరికి చింతామణి. ఎద్దుల బండ్ల మీద ఉప్పూ మిరియాలూ వేసుకొని వచ్చారట. చూసినవాడెవడూ లేడు. మాకు మా తాత చెప్పాడు, ఆయనకు వాళ్ళ తాత చెప్పాడు. ఈ దారంతా చెప్పడం అయ్యాక మా అన్న చివర్లో ఒక మాట తప్పకుండా కలుపుతాడు. "ఇన్ని ఊర్లు తిరిగినామా, యాడా మన నెత్తురు ఇంకొకరితో కలవనీలేదు."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నేను చింతామణిలో కన్నడ మీడియం హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి గుణాలు ఎలా వస్తాయో, దాగి ఉన్న గుణం ఎప్పుడు బయటపడుతుందో, బఠానీ మొక్కల బొమ్మలు బోర్డు మీద గీసి ఏటేటా చెప్పాను. ఇంటికొచ్చి మా అన్నతో వాదించేదాన్ని. ఆయన నవ్వి, "అది బఠానీల లెక్క, మనది కాదు" అనేవాడు. బాగేపల్లిలో ఆయనకు పచారీ అంగడి. తక్కెడ ముందు కూర్చున్న మనిషితో ఎవరైనా ఎంతసేపని వాదిస్తారు?

మా ఇంట్లో మేనరికాలు మామూలు. మా అన్న చేసుకున్నది మా మేనమామ కూతురిని. ఇప్పుడు ఆయన కూతురికి, అంటే నా మేనకోడలికి, ఖాయం చేసుకున్న సంబంధం మా వదిన తమ్ముడి కొడుకుది. తిరిగి తిరిగి అవే రెండిళ్ళు. ఆ పిల్ల బాగేపల్లిలోనే బ్యాంకులో పనిచేస్తుంది. నాకు కూతుళ్ళు లేరు. ఆ పిల్ల మా ఇంట్లో ఉండి, మా స్కూల్లోనే చదువుకుంది. దాని మీద నాకు ప్రాణం.

కిందటేడు మా వైశ్యుల సత్రానికి బెంగళూరు నుంచి ఇద్దరు పరిశోధకులు వచ్చారు. ఈ పక్క తెలుగు మాట్లాడే కులాలు ఎప్పుడు, ఎటు నుంచి వచ్చాయో జన్యువుల్లో వెతుకుతున్నామని, అందరూ చిన్న గొట్టంలో ఉమ్మి ఇవ్వాలని చెప్పారు. మా అన్న అందరికంటే ముందు వెళ్ళాడు. గొట్టం నింపి ఇచ్చి, ఆ ఇద్దరిలో ఒకమ్మాయికి మా వంశం కథ గుత్తి దగ్గర నుంచి మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయి కన్నడంలో ఓపిగ్గా చెప్పింది. మన దేశంలో ఎవరి ఒంట్లోనైనా చాలా దూరపు నడకలున్నాయంది. ఆఫ్రికా విడిచి సముద్రపు అంచులు పట్టుకొని వచ్చిన మొదటివాళ్ళు, ఆ తర్వాత పడమటి కొండలు దాటి వచ్చినవాళ్ళు, ఇంకా తర్వాత ఉత్తరాది గడ్డి మైదానాల నుంచి పశువులతో దిగినవాళ్ళు, అందరూ మనలో ఉన్నారంది. వేల ఏళ్ళు అందరూ అందరితో కలిశారట. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట ఆ కలవడం సన్నగిల్లి, ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారట.

"గూళూరు పక్క గొర్రెలు మేపేవాళ్ళలో ఏముందో మీలోనూ అదే ఉంది, పాళ్ళు మాత్రం వేరు" అంది.

మా అన్న ముఖం మాడిపోయింది. నాకు లోపల్లోపల ఎంత సంతోషమో. ఇంతకాలం నేను చెబితే బఠానీ అన్నాడు, ఇప్పుడేమంటాడో చూద్దామనుకున్నాను. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ అమ్మాయి తర్వాత అడిగిన ప్రశ్న నా గుండెల్లో దిగింది.

"మీ ఇళ్ళలో ఎవరైనా ఆపరేషన్ బల్ల మీద మత్తు నుంచి లేవకుండా పోయారా?"

ఎందుకు అడుగుతున్నావమ్మా అన్నాను. మత్తిచ్చేటప్పుడు ఒళ్ళు సడలడానికి ఒక మందు ఇస్తారట. మామూలు మనుషుల్లో ఆ మందు నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము నెత్తురులోనే ఉంటుంది. వైశ్యుల్లో కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. తలుపులు వేసుకొని తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చినందువల్ల, ఏనాడో ఎవరో ఒకరికి వచ్చిన లోపం ఇంటింటికీ పాకింది. అలాంటివాళ్ళకు ఆ మందిస్తే గంటల తరబడి కండ కదలదు, ఊపిరి తీసుకోలేరు. యంత్రం పెట్టి ఊపిరి ఆడిస్తే వాళ్ళంతట వాళ్ళే తేరుకుంటారు. మిగతా బతుకంతా దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

"మా ఇంట్లో అట్లాంటిదేమీ లేదమ్మా" అన్నాడు మా అన్న.

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

మాకు ఒక అక్క ఉండేది. నేను లంగా ఓణీలు వేసుకునే వయసులో ఆమెకు కడుపునొప్పి వచ్చి, అపెండిక్స్ అని చింతామణిలోనే ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే అయింది. అక్క లేవలేదు. గుండె కొట్టుకుంటూనే ఉందట, ఊపిరి మాత్రం లేదట. గాలి ఆడించే రబ్బరు తిత్తిని చేత్తో నొక్కుతూ కారులో బెంగళూరుకు బయల్దేరారు. హొసకోటె దాటకముందే అయిపోయింది. ఊరికి మాత్రం గుండె ఆగిపోయిందని చెప్పాడు మా నాయన. నిజం ఎవరికీ చెప్పకూడదంది మా అమ్మ. "మత్తు పడని ఇల్లని తెలిస్తే మన పిల్లను ఎవరు చేసుకుంటారు" అంది. పెళ్ళి కావలసిన ఆ పిల్ల నేనే. నా పెళ్ళి అయ్యాక అన్న పెళ్ళి కావలసి వచ్చింది. అది అయ్యాక చిన్నాన్న కూతుళ్ళు. ఆ తర్వాత మా అన్న కూతురు. మా ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఒకతి ఎప్పుడూ ఉంటూనే ఉంది.

మా అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు నాతో ఒక మాట చెప్పేది. తిత్తి నొక్కుతూ వచ్చిన నర్సు ఆమెతో అన్నదట, అక్క కంటి కొసల నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయని. అప్పట్లో నాకు అది ఏడుపు తెప్పించే మాట అంతే. సత్రంలో ఆ అమ్మాయి చెప్పింది విన్నాక దాని అర్థం తెలిసింది. మత్తు దిగిపోయి ఉంటుంది. ఒళ్ళు మాత్రం కదలదు. మా అక్కకు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయేమో. ఎంతమంది డాక్టర్లను అడిగానో, ఎవరూ కాదని గట్టిగా చెప్పలేదు.

సత్రం నుంచి బయటికి రాగానే అన్నను నిలదీశాను.

"అక్క సంగతి చెప్పింటే ఏమి పోతుండె?"

"పాప పెండ్లి కానీమ్మా. ఆమీట ఎంత కావల్నంటే అంత చెప్పుకుందాము."

"ఆలోపల పాపకు ఏమన్నా అయితే?"

"దానికేమవుతాది? రాయి మాదిరి ఉండాది. నువ్వు నోరు మంచిగ పెట్టుకో."

మా నాయన అంగడికి సాదలి నుంచి వచ్చే రైతులు గుర్తొచ్చారు. ఒకే రాగి విత్తనం వేసి వేసి పైరు సన్నబడిందని, కొన్నేళ్ళకొకసారి వేరే ఊరి విత్తనం తెచ్చుకునేవాళ్ళు. మా నాయనే వాళ్ళకు అది చెప్పి తెప్పించేవాడు. తన ఇంటి విషయంలో ఆ తెలివి ఏమైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అంతా తెలిసిన నేను కూడా పిల్లతో అప్పుడే చెప్పలేదు. పెళ్ళి చెడగొట్టానన్న మాట పడతానని భయం. నాలుగు రోజులాగి చెబుదాం, మంచి సమయం చూసి చెబుదాం అనుకుంటూ గడిపాను.

అలాంటి సమయమేదీ రాలేదు. ఒకరోజు పొద్దున మా వదిన ఫోన్ చేసింది. చిక్కబళ్ళాపురంలో ఆసుపత్రి నుంచి మాట్లాడుతోంది.

"పాపకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళంట. రెండు దినాల నుంచి ఒకటే నొప్పి. ఈ పొద్దే ఆపరేషన్ చేస్తాండారు. మీ అన్న నీకి చెప్పొద్దన్న్యాడు, నాకే మనసొప్పలేదు."

మత్తిచ్చే డాక్టర్‌కు అక్క సంగతి చెప్పారా అని అడిగాను. అక్క సంగతి ఏమని అంది మా వదిన. ఆమెకు కూడా గుండె ఆగిపోయిందనే తెలుసు, పాపం. నేను చెప్పాను. ఆమె భయపడిపోయి, "మీ అన్ననడుగు, నాకేం తెలీదు" అని ఫోన్ పెట్టేసింది. మా అన్నకు చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, కట్ చేశాడు. నా నోటికి భయపడి ఆపరేషన్ సంగతే దాచాడంటే, డాక్టర్‌కు ఏం చెప్పి ఉంటాడో నాకు తెలియదా?

కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. శిడ్లఘట్ట మీదుగా పోయే బస్సు. శిడ్లఘట్టలో ఆగింది, పట్టుపురుగులకు మేతగా వేసే హిప్పునేరేడు ఆకు మూటలు ఎక్కించేదాకా కదలనంది. నేను డ్రైవర్ మీద అరిచాను. "ఏమమ్మా, అంత అర్జెంటైతే కారులో పోకూడదా" అన్నాడు. నిజమే, కారు మాట నాకు తోచనేలేదు. ఆ దారి పొడుగునా నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

ఆసుపత్రి మెట్లెక్కి పై అంతస్తుకు చేరేసరికి వరండాలో మా అన్న, ఆకుపచ్చ బట్టల్లో ఒక కుర్ర డాక్టర్ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. పక్కన బెంచీ మీద పెళ్ళికొడుకు తల్లి కూర్చొని ఉంది. మా వదిన లోపల పిల్ల దగ్గర ఉన్నట్టుంది. నన్ను ఎవరూ చూడలేదు. డాక్టర్ తెలుగులోనే అడుగుతున్నాడు.

"పేరు చివర శెట్టి అని ఉండాది. ఏ శెట్లు మీరు? వైశ్యులా?"

మా పక్క శెట్లంటే ఒకరు కాదు. ఎన్నో కులాలవాళ్ళు పేరుకు ఆ మాట తగిలించుకుంటారు. అందుకే డాక్టర్ విడమరిచి అడిగాడు. ఏ మందు ఇవ్వకూడదో తెలుసుకోవడానికి అడుగుతున్నాడని సత్రంలో విన్న మా అన్నకు తెలుసు.

మా అన్న ఒకసారి బెంచీ వైపు చూశాడు. అవునంటే, మీ ఇంట్లో మత్తులో పోయినవాళ్ళున్నారా అని ఆమె ముందే అడుగుతాడు. "కాదు సార్. బలిజ శెట్లము" అన్నాడు.

బతుకంతా నెత్తురు కలవనీలేదని డప్పు కొట్టుకున్న మనిషి, కన్నకూతురిని బల్ల మీద పడుకోబెట్టి, కులమే మార్చి చెప్పాడు. డాక్టర్ సరేనని తలూపి లోపలికి తిరిగాడు. నేను ఎలా పరుగెత్తానో తెలియదు, వెళ్ళి అతని చేయి పట్టుకున్నాను.

"అబద్ధం చెప్తాండాడు సార్. మేము వైశ్యులమే. మా అక్క మత్తులోనే పోయింది. ఊపిరి రాక పోయింది. నా మేనకోడలికి ఆ మందు ఇయ్యొద్దండి."

డాక్టర్ నన్ను చూశాడు, మా అన్నను చూశాడు. తిట్టలేదు. "మంచి పని చేసినారమ్మా. వేరే మందు ఉండాది, అదే ఇస్తాము. నెత్తురు కూడా పరీక్షకు పంపిస్తాము" అని లోపలికి వెళ్ళాడు.

"నా కూతురి పెండ్లి చెడగొట్టేకి వచ్చిండావా?" అన్నాడు మా అన్న. గొంతు పైకి లేవలేదు, పళ్ళ మధ్య నుంచి వచ్చింది. నేను కులం ఎందుకు మార్చి చెప్పావని అడిగాను. వైశ్యులంటే డబ్బున్నవాళ్ళనుకొని బిల్లు పెంచుతారని చెప్పానన్నాడు. ఆయన కళ్ళు మళ్ళీ బెంచీ వైపే వెళ్ళాయి. పెళ్ళికొడుకు తల్లి తల వంచుకొని చేతిసంచిలో ఏదో వెతుకుతోంది. ఆపరేషన్ అయి, పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగిందని వదిన వచ్చి చెప్పాక, పెళ్ళికొడుకు తల్లి లేచి చెప్పకుండా వెళ్ళిపోయింది.

సంబంధం తప్పిందని మా అన్న తీర్మానించుకున్నాడు. నాతో మాటలు మానేశాడు. నేను మానలేదు, రోజూ ఫోన్ చేసి పిల్లతో మాట్లాడాను. అక్క కథంతా దానికి చెప్పాను. అది అన్నీ విని, "ఇంతకాలం ఎందుకు చెప్పలేదత్తా" అని మాత్రం అడిగింది.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు నేను బాగేపల్లి వెళ్ళాను. పిల్లకు ఆ మందును విరగ్గొట్టేది దాదాపు లేనే లేదని తేలింది. బతికున్నంతకాలం ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా ఈ మాట ముందుగా చెప్పాలని డాక్టర్ చెప్పాడట. మా వదిన కళ్ళు తుడుచుకుంటోంది. పిల్ల దిండుకు ఆనుకొని కూర్చుంది. మా అన్న వాకిలి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. అప్పుడే పెళ్ళికొడుకు తల్లి పండ్లు తీసుకొని లోపలికి వచ్చింది. సంబంధం వద్దని చెప్పడానికే వచ్చిందనుకున్నాం అందరం.

ఆమె చాప మీద కూర్చొని, కొంగు అంచు మడుస్తూ చెప్పింది. పెళ్ళికొడుక్కి చిన్నప్పుడు ఒక ఆపరేషన్ చేయించారట. పెద్ద ఆసుపత్రి కాబట్టి బతికాడు. పొద్దుగూకేదాకా యంత్రం మీద పెట్టారట. పరీక్ష చేసి అప్పుడే చెప్పారట, వీడికి మత్తులో ఫలానా మందు ఇవ్వకూడదని.

"మా ఇంట్లోనూ ఉండాదమ్మా. మాకు అప్పుటి నుంచే తెలుసు" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"ఆ పొద్దు డాక్టర్ అడిగినప్పుడు నువ్వు ఆ బెంచీ మీదనే ఉంటివి కదమ్మా" అన్నాను.

"ఉంటిని."

"మా అన్న బలిజ శెట్లమని చెప్పింది విన్న్యావా?"

"విన్న్యాను."

"మరి నోరెత్తలేదేమి?"

"నేను చెప్తే, నీకెట్ల తెలుసని అడగరా? వానికి ఉండేది బయటపడదా? మీరు పిల్లనిస్తారా?" ఆమె ఏడుస్తోంది. "మీ ఇంట్లో ఉండదులే, పాపకు ఏమీ కాదులే అని దేవునికి మొక్కుకుంటా కూర్చుంటిని."

ఆమెను తిట్టడానికి నోరు తెరిచాను. ఏమని తిట్టను? మా అమ్మ, మా నాయన, మా అన్న, నేను, అందరం ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళమే.

నేను అనుకోనిది మా అన్న చేశాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన ముఖం వెలిగింది. వాకిలి వైపు నుంచి ఇటు తిరిగి, హాయిగా ఊపిరి వదిలాడు.

"అయితే ఇంక దాచేకి ఏముండాది? వానికీ అదే, దీనికీ అదే. బయటి సంబంధమైతే ఊరికంతా తెలుస్తుండె. ఇదైతే మన నాలుగు గోడల మధ్యనే ఉంటాది. పురోహితుని పిలిపిస్తాను, ముహూర్తం పెట్టుకుందాము."

పెళ్ళికొడుకు తల్లి కళ్ళు తుడుచుకొని తల ఊపింది. మా వదిన కూడా కాఫీ పెడతానని లేచింది.

పిల్ల మెల్లగా అడిగింది. "అత్తా, ఇద్దరికీ ఉంటే పుట్టే పిల్లలకు?"

బోర్డు మీద నేను గీసిన బొమ్మలే అది చూసి నేర్చుకున్నది. "అందరికీ వస్తాది" అన్నాను.

"వస్తే ఏమమ్మా?" అన్నాడు మా అన్న. "డాక్టరే చెప్పినాడు కదా, అదేమీ జబ్బు కాదు. ఆపరేషన్‌కు ముందర ఒక మాట చెప్తే సరిపోతాది."

అది అబద్ధం కాదు. డాక్టర్ చెప్పింది కూడా అంతే. పిల్ల దిండు మీద నుంచి లేచి కూర్చొని, తండ్రినీ, చాప మీద ఉన్న మనిషినీ, నన్నూ వరసగా చూసింది.

"ఎవరు చెప్తారు నాయినా?" అంది. "నువ్వా?"

ఆ రోజు పురోహితునికి ఎవరూ ఫోన్ చేయలేదు.